మందుకీ గుండుకీ పొంతన

పెన్సిల్వేనియా పల్లెల్లో ఈయన్ని పోల్చుకోవడానికి ఊరూ పేరూ అక్కర్లేదు. బొటనవేలూ చూపుడువేలూ మసి. దగ్గరికెళ్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన; అది గంధకం మహిమ. జేబులో చెమటకి ఉబ్బిన నోటుపుస్తకం. “కులాసానా?” అని అడిగితే, “డెబ్బై గ్రెయిన్ల దగ్గర కులాసాయే, డెబ్బై ఐదుకొచ్చేసరికి చెదిరిపోతున్నాను” అంటాడు. తుపాకీ సంగతి అడిగామనుకుంటాడు. ఇంకేం అడుగుతారు ఎవరైనా?

ఆయనది మూతిలోంచి మందు పోసి గుండు దట్టించే చెకుముకి తుపాకీ. పద్దెనిమిదో శతాబ్దంలో లాంకాస్టర్ చుట్టుపక్కల జర్మన్ పనివాళ్లు చేసిన పొడుగుగొట్టాలకి నకలు. ఇలాంటి తుపాకులకని ఆ రాష్ట్రంలో 1974 నుంచీ విడిగా జింకలవేట రోజులున్నాయి. క్రిస్మస్ వెళ్లాక వచ్చే ఆ వేటకి ఈయన ఎండాకాలం నుంచే సన్నాహం.

సన్నాహమంటే అచ్చం పెళ్లిళ్ల పేరయ్య పని. మందెంత, గుండు బరువెంత, ఇద్దరికీ పొంతన కుదురుతుందా? అరంగుళం గొట్టంలో పట్టే గుండ్రటి సీసపు గుండు సుమారు 177 గ్రెయిన్లు; పౌనుకి 7000 గ్రెయిన్లని గుర్తుంచుకుంటే ఎంత పీచుమనిషో తెలుస్తుంది. చురుగ్గా బయల్దేరి దారిలో నీరసిస్తుంది. 370 గ్రెయిన్ల కోసుగుండు భారీమనిషి. అదే మందుకి తాపీగా కదులుతుంది, గొట్టంలో ఒత్తిడి పెంచుతుంది, పేల్చినవాడి భుజం తంతుంది. పైగా ఇంట్లో అత్తగారొకావిడ ఉంది: గొట్టం లోపలి గాడుల మెలిక. 66 అంగుళాలకొక చుట్టు తిరిగే గాడులు గుండ్రటి గుండుని నెత్తిన పెట్టుకుంటాయి, పొడుగుదాన్ని పల్టీలు కొట్టిస్తాయి. 28 అంగుళాలకే తిరిగేవి పొడుగుదానికి సుఖం. అక్కడ గుండ్రటిదానికి మందు ఎక్కువైతే గాడుల పట్టు తప్పి జారుతుంది. 48 అంగుళాలవాళ్లు అందర్నీ సర్దుకుపొమ్మంటారు. ఈయనకి ఆ రాజీ నచ్చదు.

యాభై గ్రెయిన్లతో మొదలెట్టి ఐదేసి పెంచుకుంటూ పోతాడు. దెబ్బదెబ్బకీ గొట్టం తుడుస్తాడు. పేల్చాక గురిబల్ల వైపు కాదు, ముందు నేలకేసి చూస్తాడు. గుండుకి చుట్టిన గుడ్డపీలికలు అక్కడ పడుంటాయి. ఒకటి తీసి వెలుతురుకి పట్టుకుంటాడు. నడుమ నల్లటి గుండ్రం, అంచులు కుచ్చులు విడిచి ఉంటే మొహం వికసిస్తుంది. చిల్లు పడితే గుడ్డ మార్చాలి. ఆ చారలగుడ్డ ఇల్లాలి తలగడ గలీబుది. మంచుపడ్డ రోజున దుప్పటి కూడా పోతుంది: దాన్ని మంచుమీద పరిచి పైనుంచి పేల్చి, కాలని మందు ఎంత రాలిందో వేలితో రాసి చూస్తాడు. ఒక హద్దు దాటాక మందు పెంచితే వేగం పెద్దగా పెరక్క పొగా తాపూ మాత్రమే పెరుగుతాయని ఆయనే చెబుతాడు. చెబుతూనే ఇంకో ఐదు పోస్తాడు.

అరచేతిలో గుండుపెట్టి అది మునిగేదాకా మందు పోయడం పాతకాలపు కొలత. ఆ మాట ఆయన దగ్గర ఎత్తకండి, భోజనం వేళ దాటిపోతుంది. పాతకాలపు నల్లటి తుపాకిమందుకి బదులొచ్చిన పైరోడెక్సుని తూచాలా, కొలవాలా అన్నా అంతే (కొలవాలి, అది తేలిక). ఆధునిక పొగరాని మందు పోయొచ్చా అంటే మాత్రం రెండే మాటలు: “గొట్టం పగులుతుంది.” ఆ మాటన్నప్పుడు నవ్వడు.

ఇంత ఉపన్యాసం చెబుతూ, మందు పోయడం మరిచి ఉత్త గుండుని దట్టించిన పూటలూ ఉన్నాయి. మరమేకు తగిలించిన కడ్డీతో దాన్ని లాగుతుంటే, పక్కవాడు నోటుపుస్తకంలో “సున్నా గ్రెయిన్లు, గురి చెదరలేదు” అని రాసిపెట్టాడు. ఆ పేజీ ఆయన చింపలేదు. లెక్క లెక్కే కదా.

ఎట్టకేలకు డిసెంబరు. పొంతన కుదిరింది. తేమ పట్టిన అడవి, ఎదురుగా నలభై గజాల్లో జింక. చెకుముకి పడింది, గొట్టానికి నిప్పందించాల్సిన చిన్న పళ్లెంలో మందు తుస్సుమంది. జింక ఓసారి ఈయన్ని ఎగాదిగా చూసి, తన దారిన తను పోయింది.

చేతులూపుకుంటూ ఇంటికొచ్చిన మనిషి మొహంలో వెలుగు చూసి ఇల్లాలు కంగారుపడింది.

“తప్పంతా పళ్లెంలో మందుదేనే,” అన్నాడాయన, “గొట్టంలో పాళ్లకేం వంక లేదు!”