సీసా మీద రాసే ఉంది

మొన్న పల్నాడులో బాబాయి వాళ్ళ ఊరెళ్తే నాకో మహాగ్రంథం దొరికింది. పురుగుమందు సీసాకు రబ్బరుబ్యాండుతో బిగించి ఉంది. మడత విప్పాను. లోపల ఇంకో మడత. విప్పుతూ పోతే వసారాలో నులకమంచం సగం నిండింది. దేశంలోని భాషలన్నీ జనరల్ బోగీలో జనంలా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మన తెలుగు ఓ మూల ఊపిరాడక ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఇక అక్షరాల సైజు అంటారా, దాన్ని చదవగలిగే చూపు ఆ మందు చంపాల్సిన పురుగుకే ఉండాలి.

"నువ్వు పేపర్లో రాస్తావుగా, చదివి చెప్పరా అబ్బాయ్. నాకు ఆనట్లేదు," అన్నాడు బాబాయి.

ముప్పై ఏళ్ళ నుంచి మిరప వేస్తున్న మనిషి. ఇన్నాళ్ళూ ఈ కాగితాన్ని పంపు మూత బిగవనప్పుడు చుట్టడానికి వాడాడేగానీ, చదివించుకోవాలని బుద్ధి పుట్టడం ఇదే మొదలు. కారణం ఉంది. ముందు వారం పక్క చేలో మందు కొట్టే కుర్రాడు కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఏం మందు?" రెండో ప్రశ్న "కాగితం ఏదీ?" మొదటిదానికి "తెల్ల సీసాది" అన్నారట. రెండోదానికి ఎవరూ మాట్లాడలేదట.

కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టాను. కాగితంలో అర్థం కానిచోట ఫోన్లో చట్టాన్నే తెరిచాను. చదువుతున్నకొద్దీ నాకు సర్కారు మీద గౌరవం పెరిగిపోయింది. మనం ఊరికే నోరు పారేసుకుంటాంగానీ, ఈ చట్టం మర్చిపోయిందంటూ ఏదీ లేదు.

దాని పుట్టుక చూడండి. 1958లో ఓడలో కేరళకు వస్తున్న గోధుమపిండికి, అదే ఓడలో ఉన్న ఫాలిడాల్ అనే పురుగుమందు అంటుకుంది. ఆ పిండి తిని వందమందికి పైగా చనిపోయారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరగడం కుక్కల పద్ధతి. సర్కారుది అంత తొందరపాటు స్వభావం కాదు. విచారణ సంఘం వేసి, నివేదిక తెప్పించుకుని, నిదానంగా 1968లో పురుగుమందుల చట్టం చేసింది. దాని నిబంధనలు 1971లో వచ్చాయి. తర్వాత దాని స్థానంలోకి రావాలని 2008లో ఒక బిల్లు, 2020లో ఇంకో బిల్లు రాజ్యసభ గుమ్మం తొక్కాయి. రెండూ చట్టం కాలేదు. ఆనాటి అంబాసిడర్ కారుకైనా 2014లో విశ్రాంతినిచ్చారు.

"సీసా మీద ఆ రంగు బిళ్ళేంటిరా?" అన్నాడు బాబాయి.

అదీ చట్టమే. పలకను మూల మీద నిలబెట్టినట్టుండే ఆ గుర్తు లేబుల్‌లో పదహారో వంతుకు తగ్గకూడదు. కింది ముక్కలో ఎరుపుంటే అతి ప్రమాదం, పైన పుర్రె, ఎముకలు కూడా వేయాలి. తర్వాత పసుపు, ఆపైన నీలం. ఆకుపచ్చ ఉంటే కాస్త నయం. చదువు రానివాడికి కూడా అర్థం కావాలని పెట్టారు. నిజంగానే అర్థమైంది. "అంటే ఎర్రది గట్టిగా పనిచేస్తదన్నమాట. పచ్చది దండగ. షాపాయన నాకు ఎప్పుడూ మంచిదే ఇచ్చాడ్రా," అని బాబాయి తృప్తిపడ్డాడు.

తర్వాత వేషధారణ. "మందు కొట్టేవాడు ఒంటిని కప్పే పైదుస్తులు, తలకు టోపీ, ముంజేతిలో సగం దాకా వచ్చే రబ్బరు తొడుగులు, దుమ్ము చొరని కళ్ళద్దాలు, కాళ్ళకు బూట్లు..." అని చదువుతుంటే బాబాయి మధ్యలో ఆపాడు.

"ఎవరికి? పెళ్ళికొడుక్కా?"

"ఇంకా ఉంది బాబాయ్. ఆ బట్టల్లోంచి మందు లోపలికి దిగకూడదు. వాడిన ప్రతిసారీ ఉతకడానికి వీలుగా ఉండాలి. ముక్కుకు ముసుగు కూడా. అందులో రకాలున్నాయి. రసాయనం గొట్టం ఉన్నది, విడిగా గాలి సరఫరా చేసేది, మొహమంతా కప్పేది, సగమే కప్పేది."

సరిగ్గా అప్పుడే మా మందు కొట్టే కుర్రాడు తైవాన్ పంపు వీపున వేసుకుని గుమ్మం ముందు నుంచి వెళ్ళాడు. నిబంధనల్ని దాదాపుగా పాటించాడనే చెప్పాలి. పైదుస్తులు: చిల్లుల బనీను. కింద: ఎగగట్టిన లుంగీ. చేతి తొడుగులు: దేవుడిచ్చిన చర్మం. ముసుగు: తువ్వాలు, అదీ తడిపి కట్టాడు, చల్లగా ఉంటుందని. బూట్లు ఆ బురదలో వేసుకుంటే తీయడానికి మళ్ళీ ఇంకో కూలీని పెట్టాలి. ట్యాంకుకు ఇంత అని కూలి మాట్లాడుకున్నవాడికి రబ్బరు కోటు వేసి ఆశ్వయుజం ఉక్కలో సాళ్ళ మధ్య తిప్పితే, మందు కంటే ముందు కోటే పని పూర్తిచేస్తుంది. ఈ సూటు ఏ కొలతలకు కుట్టారో తెలియదుగానీ, మన ఎండకు మాత్రం కుట్టలేదు.

అయినా సూటు వల్ల ఒక లాభం ఉంది. వేసుకోకపోతే తప్పు ఎవరిదో వెంటనే తేలిపోతుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవైమందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడు గట్టిగా వినిపించిన మాట: వాళ్ళు రక్షణ దుస్తులు వేసుకోలేదు. ఆ మందుల్ని ఎవరు అనుమతించారు, ఎవరు కలిపి కొట్టమన్నారు, ఆ దుస్తులు ఏ ఊళ్ళో ఏ కొట్లో దొరుకుతాయి లాంటి ప్రశ్నలకు ఆ ఒక్క జవాబూ సరిపోయింది. కళ్ళద్దాలు పెట్టుకోనివాడు ఎక్కడైనా దోషే.

"ఇంకో గొప్ప సంగతి బాబాయ్. నిబంధన 37. పురుగుమందుల పనిలోకి తీసుకునేముందు మనిషికి వైద్యపరీక్ష చేయించాలి. ఆర్గానోఫాస్ఫరస్ మందులైతే నెలనెలా రక్తం తీసి కోలినెస్టెరేజ్ ఎంత ఉందో చూడాలి."

బాబాయి కాసేపు నా మొహంలోకి చూశాడు. కోలినెస్టెరేజ్ అన్న మాటకు కాదు. 'నెలనెలా' అన్న మాటకు.

"మాకా?"

"సంస్థల్లో పనిచేసేవాళ్ళకు. ఫ్యాక్టరీ, గోడౌను, మందు చల్లే కంపెనీ..."

"మరి మావాడు ఏ సంస్థ?"

దీనికి చట్టంలో జవాబు లేదు. ఎందుకంటే ఆ కుర్రాడు సంస్థ కాదు, రైతు కాదు, ఉద్యోగి కాదు. ఇవాళ బాబాయి చేలో, రేపు ఇంకొకరి చేలో. పల్నాడులో ఉన్న అన్ని రసాయనాలూ ఎక్కిన ఏకైక రిజిస్టరు ఆ కుర్రాడి రక్తం. దాన్ని తెరిచి చూడమని ఎవరికీ ఉత్తర్వులు లేవు.

సరే, షాపు సంగతికొద్దాం. మనిషికి జ్వరం మందు అమ్మాలంటే ఫార్మసీ చదివినవాడు ఉండాలి. ఎర్ర బిళ్ళ సీసా అమ్మడానికి నలభై ఏళ్ళకు పైగా ఏ చదువూ అడగలేదు. తర్వాత ఎవరికో జ్ఞాపకం వచ్చి వ్యవసాయమో కెమిస్ట్రీనో డిగ్రీ చదివి ఉండాలన్నారు. పాత షాపులవాళ్ళు మొత్తుకుంటే గడువిచ్చారు, గడువు పొడిగించారు, చివరికి డిగ్రీకి బదులు పన్నెండు వారాల కోర్సు చాలన్నారు. షాపాయన మాత్రం ఈ చదువులన్నిటికంటే ముందు నుంచే డాక్టరు. బాబాయి ముడత పడ్డ ఆకు తీసుకుపోతాడు. ఆయన ఆకు వైపు ఓసారి, అరల వైపు ఓసారి చూస్తాడు. ఎక్కువసేపు అరల వైపే. "ఇదొకటి, దీంట్లో కలపడానికి ఇదొకటి, పైన ఓ బయో." ఆ 'బయో'లో ఏముందో కాగితం మడతల్లో కూడా ఉండదు, అసలు చాలావాటికి కాగితమే ఉండదు. డబ్బు ఇప్పుడివ్వక్కర్లేదు. గుంటూరు యార్డులో కాయ అమ్మాక లెక్క. ఖాతాలో తెచ్చుకునేవాడు విరుగుడు ఏమిటని అడిగితే బాగుండదు కదా.

అన్నట్టు, 2022 నవంబరు నుంచి ఆన్‌లైన్‌లో అమ్మకానికి కూడా అనుమతిచ్చారు. ఇక సమీక్షలు కూడా చదువుకోవచ్చు. 'వస్తువు బాగుంది, డెలివరీ ఆలస్యం' అని రాసినవాళ్ళు బతికున్నట్టు లెక్క.

అదే ఏడాది అక్టోబరులో ఇంకో ఉత్తర్వు వచ్చింది. మనవాళ్ళు గడ్డి మందు అనే గ్లైఫోసేట్‌ను రైతులు సొంతంగా వాడకూడదు, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళే కొట్టాలి. అంటే పట్నంలో బొద్దింకలకూ చెదలకూ మందు కొట్టడానికి స్కూటరు మీద వచ్చే అబ్బాయి ఇకమీదట పత్తి చేలో గట్టు మీదికి రావాలి. "వస్తే మంచిదే, ఎలకలు కూడా ఉన్నాయి," అన్నాడు బాబాయి. ఆ అబ్బాయి కోసం ఆయన గట్టు ఇంకా ఎదురు చూస్తోంది. షాపాయన మాత్రం ఎదురు చూడమనలేదు.

ఒక మందు మరీ ప్రమాదమని రాష్ట్రానికి అనిపిస్తే ఏం చేయవచ్చు? ఇక్కడే చట్టంలోని దయాగుణం కనిపిస్తుంది. సెక్షన్ 27 ప్రకారం రాష్ట్రం దాన్ని అరవై రోజులు ఆపవచ్చు. చాలకపోతే ఇంకో ముప్పై. ఆ తర్వాత కేంద్రం తేల్చకపోతే మందు మళ్ళీ డ్యూటీలో చేరుతుంది. లంచం తీసుకుంటూ దొరికిన ఉద్యోగిని సస్పెండు చేసి, కొన్నాళ్ళకు అదే సీట్లో కూర్చోబెట్టే మన ఆఫీసు సంప్రదాయాన్ని ఇంత చక్కగా విషానికి కూడా వర్తింపజేసిన దేశం ఇంకోటి ఉండదేమో. పంజాబ్ ప్రభుత్వం బాస్మతి మీద కొన్ని మందుల్ని సీజన్లో ఇలాగే అరవై రోజులు ఆపుతుంటుంది. ఎందుకంటే ఆ బియ్యం ఐరోపాకు పోతుంది, అక్కడివాళ్ళు గింజను పరీక్షిస్తారు. మన ఇంట్లో పరీక్షించేది ఉప్పు సరిపోయిందా అనే.

ఇక కేంద్రం నిదానం సంగతి. 2013లో అనుపమ్ వర్మ కమిటీ వేశారు. ఇతర దేశాలు వదిలేసిన, ఇక్కడ మాత్రం నడుస్తున్న 66 మందుల్ని చూడమన్నారు. 2018లో పద్దెనిమిదింటికి నిషేధం చెప్పారు, అందులో ఆరింటికి 2020 చివరిదాకా గడువు. 2020 మేలో ఇంకో 27 నిషేధిస్తామని ముసాయిదా వేసి అభ్యంతరాలు అడిగారు. అభ్యంతరాలకు మన దగ్గర కరువా? 2023కి వచ్చేసరికి ఆ 27లో నిషేధం పడింది డైకోఫాల్, డైనోక్యాప్, మెథోమిల్ అనే మూడింటికి. మోనోక్రోటోఫాస్ 36 ఎస్ఎల్‌కు కూడా తలుపు మూశారు. మిగతావి బెయిలు మీద బయటికొచ్చి షాపు అరల్లో కూర్చున్నాయి.

మోనో సంగతి కాస్త చెప్పాలి. దాన్ని 2005లోనే కూరగాయల మీద కొట్టకూడదన్నారు. పత్తి మీద కొట్టొచ్చన్నారు. పత్తి పక్క సాలులో వంకాయ ఉంటే గాలి ఆగి అడిగి వెళ్ళాలి. 2013లో బీహార్‌లోని ఛప్రా దగ్గర బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. ఖాళీ డబ్బాల్ని పగలగొట్టి ఊరికి దూరంగా పూడ్చాలని 1971 నుంచీ రాసే ఉంది. రాసి ఉండటమే పనిచేయడమైతే ఆ పిల్లలు ఇప్పుడు పెళ్ళీడుకొచ్చేవాళ్ళు. ఆ తర్వాత మోనోను ఆపడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

తప్పు చేసినవాళ్ళకు శిక్ష లేదా అంటే ఉంది. మొదటి తప్పుకు రెండేళ్ళ దాకా జైలు, లేదా పదివేల నుంచి యాభై వేల జరిమానా. ఎకరా మిరపకు ఒక్క సీజన్లో బాబాయి మందుల ఖాతా ఆ యాభై వేలను దాటుతుంది. అంటే తప్పు చేసినందుకు షాపాయన కట్టేదాని కంటే, తప్పు చేయనందుకు ఈయన కట్టేదే ఎక్కువ.

"విరుగుడు ఏం రాశాడో చూడు," అన్నాడు బాబాయి. డాక్టరు మాట ఇంకా బుర్రలో తిరుగుతున్నట్టుంది. ఈ సీసాకు అట్రోపిన్ అని ఉంది. నేను నోరు మూసుకోకుండా, పారాక్వాట్ అనే గడ్డి మందుకైతే నిర్దిష్టమైన విరుగుడే లేదని కూడా చెప్పాను. కాగితంలో విరుగుడు అనే గడి మాత్రం ఉండాలి. అది నిబంధన. "లేదు" అని రాసినా గడి నిండినట్టే.

చివరికి పంటల పట్టిక దగ్గరికొచ్చాం. ఏ పంటకు, ఏ పురుగుకు, ఎకరాకు ఎంత అన్నది మందుకు అనుమతిచ్చేటప్పుడే తేల్చేస్తారు. పత్తి ఉంది. వరి ఉంది. వేలు పెట్టి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు చూశాను.

"మిరప లేదు బాబాయ్."

"సరిగ్గా చూడు."

"లేదు. తామర పురుగు కూడా లేదు."

2021లో నల్ల తామర పురుగు పూతను మింగేసినప్పుడు బాబాయి రెండు రోజులకోసారి ఏది దొరికితే అది కొట్టాడు. ఈ సీసా అప్పటి నుంచీ ఆయన చేలోకి వస్తూనే ఉంది. చట్టం లెక్కల్లో మాత్రం ఆ చేలో ఎవరూ దీన్ని కొట్టలేదు. కొట్టనప్పుడు పీల్చలేదు. పీల్చనప్పుడు పడిపోవడమూ లేదు.

బాబాయి ఏమీ అనలేదు. కాగితాన్ని మళ్ళీ మడవబోయాడు. పాత మడతలు కుదరలేదు. ఎలాగో నాలుగు మడతలు చేసి, రెండో ట్యాంకు నింపుకోవడానికి వచ్చిన కుర్రాడికి ఇచ్చాడు.

"ఇది జేబులో పెట్టుకోరా. డాక్టరు అడుగుతాడు."

కుర్రాడు బనీను వైపు చూసుకున్నాడు.

"జేబు యాడుంది మావా," అని కాగితాన్ని తలకు చుట్టిన తువ్వాల్లో దోపుకుని, పంపు ఎత్తుకుని వెళ్ళిపోయాడు.