కొత్త డాక్టరుగారికి కొన్ని తలకిందుల సలహాలు

డాక్టరుగారూ, అండమాన్‌లోని ఈ డిగ్నాబాద్ నుంచి మీ ఓపీకి వచ్చే మా తెలుగువాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి. వినగానే తప్పుడు సలహాల్లా ఉంటాయి. నేను మాత్రం మనస్ఫూర్తిగానే చెబుతున్నాను.

ముసలమ్మ వెంట హిందీ గడగడా మాట్లాడే కొడుకు వస్తాడు. అతన్ని బయట కూర్చోమనండి. అతన్ని అడిగితే పని త్వరగా తెములుతుంది, నిజమే. బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు అని చకచకా చెప్పేస్తాడు. ఆవిడ వచ్చింది దగ్గితే మూత్రం పడిపోతోందని. కొడుకు ముందు ఆ మాట నోట రాదు. మరి ఆవిడ తెలుగు మీకెవరు చెబుతారంటారా? 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వెతికితే తెలుగొచ్చిన నర్సో ఆయానో దొరక్కపోదు. ఆమెను పిలిచి, అప్పుడు ముసలమ్మను అడగండి.

క్యూ ఎంత పొడుగుంటే, మీరు మొదట అంత మౌనంగా ఉండండి. రోగి చెప్పుకుంటుంటే సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగులుతున్నాడని 1984లో అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. అడ్డు రాకుండా వింటే ఎంతసేపు చెబుతారో 2002లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో చూశారు. సగటున 92 సెకన్లు. అంతే! వందమందిలో 78 మంది రెండు నిమిషాల్లోపే ముగించారు. మన దేశంలో ఒక్కో రోగికి దక్కేదే రెండు నిమిషాలు, ఆ కాస్తా వినడానికే పోతే ఎలా అంటారు. కానీ మీరు మధ్యలో ఆపేసిన మనిషి లేచి వెళ్తూ గుమ్మం దగ్గర అసలు సంగతి బయటపెడతాడు. అప్పుడు మళ్ళీ మొదటికి రావాలి.

జ్వరమంటే థర్మామీటరు తీసేలోపు పని సంగతి అడగండి. 1980ల చివర్లో ఇక్కడ వానాకాలం అయ్యాక జ్వరం, దగ్గితే రక్తం వచ్చి మనుషులు చనిపోయారు. ఏమిటో తెలియక అండమాన్ హెమరేజిక్ ఫీవర్ అన్నారు. అది లెప్టోస్పైరోసిస్ అని 1990లలో తేలింది. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీళ్ళలో, బురదలో దిగినవాళ్ళకు సోకుతుంది. డిగ్నాబాద్ పట్నమే కదా అనుకోకండి. దిగ్లీపూర్ వైపు చుట్టాల మడిలో నాట్లకు వెళ్ళొచ్చారేమో కనుక్కోండి.

సూది వేయమని అడిగితే కసురుకోకండి. ఎందుకు అక్కర్లేదో ఒక్క మాట చెప్పండి, చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మెయిన్‌లాండ్ సంగతి. సెల్యులార్ జైలు స్థలంలో 1963లో వెలసిన గోవింద్ బల్లభ్ పంత్ ఆసుపత్రే ఈ దీవులన్నిటికీ పెద్దదిక్కు. అక్కడ కాదంటే ఇక సముద్రం దాటాల్సిందే. జబ్బు పేరు చెప్పి, చెన్నై తీసుకెళ్ళండని కాగితం చేతికిచ్చి పంపడం పద్ధతి. మీరు మాత్రం ముందు, మీవాళ్ళు ఎక్కడున్నారని అడగండి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన చేపలవేట కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. వాళ్ళకు చెన్నైలో ముఖమెరిగినవాడు ఉండకపోవచ్చు. విశాఖలో అన్నం పెట్టే అక్కో, అక్కడి కేజీహెచ్ ఆసుపత్రి ముందు తోడు కూర్చునే బావో ఉంటారు. అదే చికిత్స అక్కడా దొరికేదైతే అక్కడికే రాయండి. ఓడలో రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. విశాఖ ఓడ తరచుగా ఉండదు. అంతవరకు ఆగవచ్చా, విమానమే ఎక్కాలా అన్నది చెప్పగలిగేది మీరే. అది చెప్పకపోతే ఇంట్లో పుస్తెలు తాకట్టు పెట్టి విమానం టిక్కెట్టు కొంటారు, లేదా ఆగకూడని జబ్బుతో ఓడ కోసం ఎదురుచూస్తారు.

రెఫరల్ కాగితం మీద జబ్బు పేరు కిందే, ఎన్ని రోజుల్లోగా చేరాలో, ఓడ ఎక్కవచ్చో లేదో, దారిలో ఏ మందు ఎన్నిసార్లు వేసుకోవాలో రాసి సంతకం చేయండి.