యూరప్ యాత్రా వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “పది రోజుల్లో తొమ్మిది దేశాలు కవర్ చేశాం. మోనాలిసా చాలా చిన్నది. వెనిస్ ఓకే. ఫుడ్డే ప్రాబ్లమ్. ఓవరాల్‌గా యూరప్ చూసేశాం.”

అవతారిక: ప్యాకేజీ యాత్ర ముగించుకొని దంపతులు శంషాబాదు విమానాశ్రయంలో దిగాక, పెట్టెలు ఇంకా తిరుగుడు పట్టీ మీదికి రాకముందే, భర్త అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ప్రకటించే వాక్యం ఇది. దీని కర్త ఎవరన్నది వివాదాస్పదం. ఒకరి రచన ఒకరు చూడకుండానే ఏటా ఎందరో భర్తలు ఇంచుమించు అక్షరం తేడా లేకుండా దీన్నే రచిస్తున్నారు కాబట్టి, మీమాంసకులు వేదాన్ని అన్నట్టు దీన్ని కూడా అపౌరుషేయం, అంటే ఏ పురుషుడూ రచించనిది, అనవచ్చునని ఒక మతం. కాని ఇందులోని దర్పం ఆద్యంతమూ పురుషుడిదేనని తెలుస్తూనే ఉన్నందువల్ల ఆ మతం నిలవదు.

మెదక్ సీమలోని కొలచారానికి చెందిన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేసి మరీ టీకలు రచించాడు. ఈ టీక మొదటి ప్రతిజ్ఞను శిరసావహిస్తుంది. రెండవదానికి కట్టుబడితే ఈ వాక్యం మీద రాయడానికి ఏమీ మిగలదు గనుక దాన్ని సవినయంగా పక్కన పెడుతుంది. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన టీక పేరు సంజీవని. దీని పేరు లగేజీదీపిక.

‘పది రోజుల్లో’, ‘కవర్ చేశాం’: సుగమం. అంటే వివరణ లేకుండానే బోధపడేది. కష్టమైన చోట్లను దాటవేయడానికి కూడా వ్యాఖ్యాతలు ఈ మాటనే వాడతారని పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ముందుముందు దానితో అవసరం పడుతుంది.

‘తొమ్మిది దేశాలు’: ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ, స్విట్జర్లాండ్, లీచెన్‌స్టైన్, ఆస్ట్రియా, ఇటలీ, వాటికన్. వీటిలో లీచెన్‌స్టైన్ 160 చదరపు కిలోమీటర్లు, వాటికన్ 44 హెక్టార్లు, అంటే దాదాపు 109 ఎకరాలు. చిన్నదైనంత మాత్రాన దేశం దేశం కాకుండా పోతుందా అని పూర్వపక్షం, అంటే ఎదుటివారి ఆక్షేపణ. పోదు, దేశత్వం గురించి తగవు లేదు, చూడడం గురించే తగవు. లీచెన్‌స్టైన్ రాజధాని వాడూజ్‌లో దంపతులు చేసిన పని, పర్యాటక కార్యాలయంలో రుసుము చెల్లించి పాస్‌పోర్టులో జ్ఞాపకార్థపు ముద్ర వేయించుకోవడం. సరిహద్దు దాటడానికి ఆ ముద్ర అక్కరలేదు, కాని బంధువుల ముందు పాస్‌పోర్టు తెరిచే వేళకు కావాలి. ఆస్ట్రియా అంటే వారికి ఇన్స్‌బ్రుక్ దగ్గర వాటెన్స్ గ్రామంలో, 1995లో తెరిచిన స్ఫటికాల ప్రదర్శనశాల, దాని చివర ఉన్న దుకాణం. వియన్నా, సాల్జ్‌బర్గ్ అనేవి ఆ దేశంలోనే ఉన్నాయన్న సంగతి ప్యాకేజీలో లేదు.

ఒక్కొక్క దేశానికి ఎంతసేపు దక్కాలన్నది కళాచరిత్రను బట్టో, ఊరి గొప్పతనాన్ని బట్టో నిర్ణయమవుతుందని అనుకోవడం అమాయకత్వం. యూరోపియన్ యూనియన్‌లో 561/2006 సంఖ్య గల నిబంధన ఒకటుంది. దాని ప్రకారం నాలుగున్నర గంటలు బస్సు నడిపిన డ్రైవరు 45 నిమిషాలు విరామం తీసుకొని తీరాలి. గోతిక్ శిల్పమైనా, రైన్ నది జలపాతమైనా, కుకూ గడియారాల దుకాణమైనా, చాలాసార్లు ఈ విరామంలో ఇమడవలసిందే. నలభై ఐదుమంది ఎక్కిన బస్సులో విశ్రాంతిని చట్టం హామీ ఇచ్చింది ఒక్కరికే, ఆ ఒక్కరూ యాత్రకు వచ్చినవారు కారు.

‘మోనాలిసా చాలా చిన్నది’: కొలత సరైనదే. పటం ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. అయితే ఈ వాక్యం చిత్రం గురించి కాదు, టికెట్టు గురించి. ఇంత వెల పెట్టినందుకు ఇంత చెక్కేనా అన్న కొనుగోలుదారు ఆవేదన ఇందులో ధ్వని, అంటే పైకి చెప్పకుండా స్ఫురించే అర్థం. 1911 ఆగస్టులో విన్సెంజో పెరుజ్జా అనేవాడు ఈ పటాన్ని దొంగిలించుకుపోయినప్పుడు, అది లేని ఖాళీ గోడను చూడడానికి కూడా జనం వరుస కట్టారని చరిత్ర చెబుతోంది. ఆ జనం నేటివారికంటే ఒక మెట్టు పైన ఉన్నారు, ఎందుకంటే వారు కనీసం గోడకేసి తిరిగి నిలబడ్డారు. నేటి దంపతులు సెల్ఫీ కోసం పటానికి వీపు పెట్టారు.

అలా వీపు పెట్టినప్పుడు వారి కళ్లకు ఎదురుగా, గది అవతలి గోడ నిండా, వెరొనేసె 1563లో చిత్రించిన కానా పెళ్లివిందు ఉంది. ఎత్తు దాదాపు ఏడు మీటర్లు, వెడల్పు పది. లూవ్ర్ మ్యూజియంలో దానికంటే పెద్ద వర్ణచిత్రం లేదు. చిన్నదని నిట్టూర్చినవారికి పెద్దది కళ్లెదుటే ఉన్నా వారు ఫోను తెరలో తమ ముఖాలు సరిచూసుకుంటున్నారు. ఈ చిత్రం పుట్టింది వెనిస్‌లో, సాన్ జార్జో మజ్జోరే మఠంలో సన్యాసుల భోజనశాల గోడకోసం. 1797లో నెపోలియన్ సేన దాన్ని పారిస్‌కు తరలించింది. 2007 నుంచి ఆ భోజనశాలలో అచ్చుగుద్దినట్టుండే నకలు ఉంది. ఇందులోని కథ క్రైస్తవులకు సుపరిచితం. కానా అనే ఊరి పెళ్లిలో ద్రాక్షారసం నిండుకోగా, ఆరు రాతి బానల్లో నీళ్లు నింపమని యేసు పనివాళ్లకు చెబుతాడు, ఆ నీళ్లే ద్రాక్షారసం అవుతాయి. చిత్రంలో కుడివైపు పసుప్పచ్చని దుస్తుల మనిషి పెద్ద కూజా వంచి పోస్తున్నది అదే.

నీళ్లు ద్రాక్షారసం కావడం ఒకనాటి మహిమ. నీళ్లు ద్రాక్షారసం ధర పలకడం యూరప్ భోజనశాలల్లో నిత్యం జరిగే మహిమ. మూలంలో లేకపోయినా మౌఖిక పరంపరలో ఈ వాక్యం వెంట ఎప్పుడూ “నీళ్లు కూడా కొనాలండీ అక్కడ” అనే అనుబంధం వినిపిస్తుంది కాబట్టి, ఇక్కడ జల విచారం అప్రస్తుతం కాదు. ఫ్రాన్స్‌లో భోజనానికి కూర్చున్నవారు ‘కరాఫ్ డో’ అని అడిగితే కుళాయి నీళ్ల కూజా ఉచితంగా తెచ్చి పెట్టడం చట్టం. అడగనివారికి సీసా వస్తుంది, సీసాతో పాటు బిల్లు వస్తుంది. 1870–71లో ప్రష్యా సేనల ముట్టడి, ఆ వెంటనే కమ్యూన్ తిరుగుబాటు పారిస్‌ను కుదిపివేశాక, పేదవాడికి నీళ్లకంటే సారా సులువుగా దొరికే దశ వచ్చింది. అప్పుడు రిచర్డ్ వాలెస్ అనే ఆంగ్లేయుడు తనకు సంక్రమించిన ఆస్తిలోంచి ఖర్చు పెట్టి 1872లో వీధుల్లో పోత ఇనుప జలధారలు పెట్టించాడు. శిల్పి లెబూర్గ్ తీర్చిన నలుగురు స్త్రీమూర్తులు, దయ, నిరాడంబరత, దానం, మితత్వం అన్నవారు, చేతులెత్తి గోపురాన్ని మోస్తుంటే, వారి మధ్యనుంచి సన్నని ధార కారుతుంది; గొలుసుకు కట్టిన రేకు గిన్నెలు 1952 దాకా ఉండేవి, తరువాత ఆరోగ్యకారణాల వల్ల తీసేశారు. సంస్కృతంలో దీన్ని ప్రప అంటారు, తెలుగులో చలివేంద్రం. మన చలివేంద్రాల్లో కుండకంటే దాత ఫ్లెక్సీ పెద్దదిగా ఉండడం, ఏప్రిల్ ప్రారంభోత్సవం నాటి నీళ్లే మే నెల దాకా కుండలో ఉండడం వేరొక టీకకు సరిపడా విషయం.

రోములో ఈ సంగతి ఇంకా రమ్యం. క్రీ.పూ. 19లో అగ్రిప్ప తవ్వించిన అక్వా విర్గో అనే కాలువ దారినే, మధ్యయుగాల తరువాత మరమ్మతులు పొంది, నేటికీ నీరు నగరంలోకి వస్తోంది. 1762లో పూర్తయిన ట్రెవీ జలధార దాని ఉత్సవ ముఖం. ఇవి కాక 1874 నుంచి వీధివీధినా పెట్టిన, పొడవైన ముక్కులాంటి గొట్టం గల ఇనుప స్తంభాలు రెండు వేలకు పైగా ఉన్నాయి. వాటిని ‘నసోనె’ అంటారు. గొట్టం చివర వేలు పెట్టి మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీరు విల్లులా ఎగుస్తుంది, దోసిలి అక్కరలేకుండా తాగవచ్చు. దంపతులు ట్రెవీలో నాణేలు విసిరారు (అవి ఒక ధర్మసంస్థకు చేరుతాయి, కాబట్టి అందులో తప్పులేదు), విసిరి, రెండు వేల ఏళ్ల కాలువకు వీపు తిప్పి, ప్లాస్టిక్ సీసా కొన్నారు. దీనికి భిన్నంగా, 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పదిహేను నెలలకు పైగా ప్రయాణించి, మజిలీ మజిలీకీ నీటి వసతి ఎలా ఉందో రాసిపెట్టాడు. ఆయన బోయీలను ఆపింది నీరు, ఈ దంపతులను ఆపింది డ్రైవరు విరామం.

దంపతులను మరచి ఇంత దూరం రావడం టీకాకారుల వంశాచారం. ఈలోగా వారు వెనిస్‌లో పడవ దిగి, జెండా పట్టుకున్న గైడు వెనుక నిలబడి ఉన్నారు.

‘వెనిస్ ఓకే’: ఇక్కడ పాఠాంతరం ఉంది. ఒకే గ్రంథం వేర్వేరు ప్రతుల్లో వేర్వేరుగా కనిపిస్తే ఆ భేదాన్ని పాఠాంతరం అంటారు. ఈ వాక్యానికి ప్రతులు రెండు: భర్త రాసిన అపార్ట్‌మెంటు ప్రతి, భార్య రాసిన అక్కచెల్లెళ్ల ప్రతి. రెండవదానిలో ఈ చోట “వెనిస్‌లో ఒక గంట కూర్చోనిస్తే బాగుండేది” అని ఉంది. ఇటలీలో కౌంటరు దగ్గర నిలబడి తాగే కాఫీకి ఒక ధర, కుర్చీలో కూర్చుంటే మరొక ధర. సాన్ మార్కో ఆవరణలో 1720 నుంచి ఉన్న ఫ్లోరియాన్ కాఫీశాలలో కూర్చుంటే వాద్యబృందానికి కూడా వేరుగా చెల్లించాలి. భర్త యూరోను వందతో హెచ్చవేసి, కుర్చీకి ఇంతా అని ఆశ్చర్యపోయి, అరగంటకు 90 యూరోలు పలికే గొండోలాను మాత్రం ఫోటో వస్తుంది గనుక మరో జంటతో పంచుకొని ఎక్కించాడు. ఇది కేవలం పొదుపు అని కొందరు సమర్థిస్తారు. కాని ఇంట్లో అందరికీ కలిపి ఇచ్చాక మిగిలిన కాఫీని చల్లారాక తాగే అలవాటున్న మనిషి, లక్షలు పోసిన యాత్రలో అడిగింది ఒక గంట కుర్చీ, వేడిగా ఒక కప్పు. దాన్ని దుబారా అని తేల్చినది ఆ లక్షలు పోసి ప్యాకేజీ కొన్న చెయ్యే. ఈ తర్కాన్ని ఏ శాస్త్రంతోనూ సమన్వయించడం సాధ్యం కాలేదు.

‘ఫుడ్డే ప్రాబ్లమ్’: ఇంచుమించు తినకుండానే రుచి గురించి తీర్పు చెప్పడం ఎలా సాధ్యమైందో ముందుగా తెలుసుకోవాలి. ప్యాకేజీ ప్రకారం ఏ నగరంలోనైనా సాయంత్రం ఆరున్నరకు బస్సు ఒక భారతీయ భోజనశాల ముందు ఆగుతుంది. అది తరచుగా నేలమాళిగలో ఉంటుంది. పారిస్‌లోనైనా లూసర్న్‌లోనైనా జీరా రైస్, పసుప్పచ్చని పప్పు, ఆలూ మటర్, అప్పడం, ఒక గులాబ్ జామూన్. తొమ్మిది దేశాల్లో ఒక్క పాస్తా తప్పిస్తే తిన్నది ఈ ఒక్క భోజనమే కాబట్టి, వాక్యంలోని నింద న్యాయంగా చేరవలసిన చోటు యూరప్ కాదు. పెట్టెలో తెచ్చుకున్న ఆవకాయను ఇక్కడ ఎవరూ ఆక్షేపించడం లేదు, దేశాంతరంలో అది ఆపద్ధర్మం. ఆక్షేపణ అంతా ఆవకాయ మూత తీసి ఫ్లోరెన్స్ వంట చప్పన అని ప్రకటించడం మీద. ఆ ఊళ్లోనే నిలవ రొట్టె, చిక్కుడు గింజలు, నల్ల క్యాబేజీ వేసి ఉడికించే రిబొల్లిత అనే పులుసు ఉంది. రోములో వెల్లుల్లి, ఎండుమిర్చి, టమాటాతో చేసే ‘అర్రబ్బియాత’ పాస్తా ఉంది. కొలంబస్ తరువాత అమెరికా నుంచి బయలుదేరిన మిరప అటు రోముకూ ఇటు గుంటూరుకూ పరాయిదిగానే చేరింది, కాబట్టి కారం విషయంలో ఎవరికీ పుట్టుహక్కు లేదు. ఇక తిన్న ఆ ఒక్క పాస్తా మీద చల్లిన పార్మిజానో జున్నును ‘ప్యూర్ వెజ్’ అని భర్త మెచ్చుకొని రెండుసార్లు వేయించుకున్నాడు. ఆ జున్ను పాలను దేనితో విరిచి తయారుచేయాలని నియమమో, అది: సుగమం.

‘యూరప్ చూసేశాం’: ఇంద్రియానికి, వస్తువుకు కలిగే సంబంధాన్ని సన్నికర్షం అంటారని, దానివల్ల పుట్టే జ్ఞానమే ప్రత్యక్షమని నైయాయికులు చెప్పారు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో సన్నికర్షాలు ఆరు రకాలు. ఈ యాత్రలో వస్తువుతో ఫోనుకు, ఫోనుతో కంటికి మాత్రమే సంబంధం కలిగింది గనుక ఏడవదాన్ని ఒప్పుకోవాలా అని సందేహం. అక్కరలేదు, ఇంటికి వచ్చాక ఆ ఫోటోలు తెరిచి చూస్తే సంబంధం పూర్తవుతుందని సరిపెట్టవచ్చు. కాని పెట్టెలు విప్పిన నాటికే ఫోను నిండిపోయి, వీడియోలు తొలగించే పని మొదలైంది.

తొలగింపు ప్రసక్తి వచ్చింది కాబట్టి చివరగా గ్రంథపాతం గురించి చెప్పాలి. తాటాకు విరిగో, పురుగు తినో పాఠం లోపించిన చోటును గ్రంథపాతం అంటారు. అక్కచెల్లెళ్ల ప్రతిలో “తిండి బాగానే ఉన్నట్టుంది, తిననిస్తేగా” అన్న వాక్యం తరువాత “ఈ సందేశం తొలగించబడింది” అని మాత్రమే ఉంది. ఆ చోట ఏముండేదో ఊహించి పూరించడానికి చాలామంది ప్రయత్నించారు, ఏ పూరణా సర్వసమ్మతం కాలేదు. దాని కింద పెద్దక్క ఇచ్చిన జవాబు మాత్రం చెక్కుచెదరకుండా దొరుకుతోంది: “సరేలేవే, ఈసారి మనం నలుగురమే వెళ్దాం. మరిదిగారికి పది రోజులకీ పప్పు వండి ఫ్రిజ్‌లో పెట్టి రా.”