శంఖం ఎవరి చావుకు?

మీటింగు నడపడం నాకు బాగా వచ్చని చాలా ఏళ్ళు నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, నలుగురికీ నేర్పాను కూడా. నెల్లూరు తీరంలో పొదుపు సంఘాల చుట్టూ తిరిగినవాణ్ణి. ఉద్యోగం కాదు, వ్యసనం. ఎక్కడ పదిమంది ఆడవాళ్ళు చాప పరుచుకుని కూర్చున్నా నా కాళ్ళు అటే పోతాయి. వాళ్ళ మీటింగు వాళ్ళే నడుపుకునేట్టు చెయ్యాలన్నది నా వ్రతం. అలా 'వాళ్ళే' నడుపుకోవడానికి ప్రతిసారీ నేను అక్కడ ఉండాల్సి వచ్చేది. అందులోని తిరకాసు నాకు ఎప్పుడూ తట్టలేదు.

నా తెలివితక్కువతనానికి మొదలు 1991లో ఉంది. ఆ జనవరిలో జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం మొదలైంది. నేనూ ఒక వాలంటీరుని. వలలు సర్దుకుని, అన్నాలు తిని, చంటిబిడ్డల్ని ఒళ్ళో వేసుకుని ఆడవాళ్ళు రాత్రి చదువుకు వచ్చేవాళ్ళు. చదువు పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. ఊళ్ళో సారా కొట్టు మూయించడానికి ఆడవాళ్ళను కూడగట్టిన ఒక పేదరాలి కథ అది. ఆ పాఠం ఎత్తుకున్న రాత్రి మా పాలెంలో ఒక్క అక్షరం ముందుకు కదల్లేదు. "మా ఇంట్లో మొన్న..." అని ఒకామె మొదలుపెట్టింది. ఇంకొకామె అందుకుంది. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికొచ్చి కూర్చున్నారు. నేనేమో పలక మీద టకటకా కొట్టి, "పాఠం అయినాక మాట్లాడుకుందాం, ముందు 'స'కి గుడిదీర్ఘం పెట్టండి" అన్నాను. అందరూ తలలు వంచి గుడిదీర్ఘాలు పెట్టారు. క్లాసు చక్కగా నడిచిందని నిమ్మళంగా ఇంటికి పోయాను.

అదే పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళోకి సారా రానివ్వలేదు. అక్కడ అంటుకున్నది ఊరి నుంచి ఊరికి పాకింది. సారా వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న మా జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. దూబగుంటలో ముందు నిలిచిన రోశమ్మ పేరు లోకానికి తెలిసింది గానీ, ఏ ఊరి ఆడవాళ్ళు ఆ ఊళ్ళో వాళ్ళంతట వాళ్ళే లేచారు. అలా లేవగలిగినవాళ్ళు ఆ రాత్రి నా ముందు కూర్చుని ఉంటే, నేను గుడిదీర్ఘం కోసం వాళ్ళ నోళ్ళు మూయించాను. మా పాలెంలోనూ తర్వాత సారా ఆగింది. నా ప్రమేయం ఏమీ లేకుండానే ఆగింది.

సారా పోయాక మిగిలిన డబ్బులోంచి రోజుకు రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు మా జిల్లాలోనే పుట్టాయి. సంఘమంటే మీటింగు, మీటింగంటే హాజరు, తీర్మానాల పుస్తకం, సంతకాలు. నాకు చేతినిండా పని. హైదరాబాదులో ఒక శిక్షణకు పోయి చార్టులు, స్కెచ్ పెన్నులు, రంగురంగుల చీటీలు సంచినిండా తెచ్చుకున్నాను. పాలెంలో సముద్రం మీది గాలికి చార్టు నిలవదని శిక్షణ ఇచ్చినవాళ్ళకు తెలియకపోవచ్చు. ఇక్కడే పుట్టి పెరిగిన నాకేమైంది? చీటీలు గంగమ్మ గుడి దాకా ఎగిరిపోయాయి. పిల్లలు ఏరుకొచ్చి పడవలు చేసుకున్నారు.

ఆ తర్వాత శంఖం. వంతులవారీగా మాట్లాడటానికి చేతిలో ఒక వస్తువు ఉండాలనీ, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలనీ ఎక్కడో విన్నాను. సముద్రం పక్కన కదా అని శంఖం పట్టుకుపోయాను. నా ఆలోచనకు నేనే మురిసిపోయాను. ముందు వరసలో కూర్చున్న పెద్దామె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "శంఖం తెచ్చినావు, ఎవురి చావుకబ్బయా?" అంది. మా వైపు చావింట్లో శంఖం ఊదుతారు. నాకు తెలియని సంగతేం కాదు. శంఖం ఎవరూ ముట్టలేదు. అందరూ ఒక్కసారే మాట్లాడారు, ఎప్పట్లాగే. ఒకరి మాట ఒకరికి అర్థమవుతూనే ఉంది. అర్థం కానిది నా ఒక్కడికే.

కొన్నాళ్ళకు నా కీర్తి పెరిగింది. ఒక పట్టపు జాలర్ల పాలెంలో నేను కూర్చున్న మీటింగుల్లో పెద్ద పెద్ద నిర్ణయాలు పది నిమిషాల్లో అయిపోయేవి. పక్క మండలాల్లో శిక్షణకు పిలిస్తే ఇదే గొప్పగా చెప్పుకునేవాణ్ణి. అసలు సంగతి ఒకనాడు తెల్లవారుజామున ఒడ్డుకు పోతే బయటపడింది. పడవలు ఇంకా రాలేదు. గంపలు బోర్లించుకుని ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎవరికి అప్పు ఇవ్వాలి, ఎవరు కిస్తీ ఎగ్గొట్టారు, ఆమె మొగుడికి ఏమైంది, ఈ నెల ఆగుదామా అన్నీ అక్కడే తేలిపోతున్నాయి. పడవలు వచ్చి చేపల వేలంపాట మొదలయ్యేలోపు తీర్మానం అయిపోయింది. సాయంత్రం నా చాప మీద వాళ్ళు చేసేది సంతకాలు.

ఆ తర్వాత ఇంకో మీటింగు కథ విన్నాను. అమెరికాలో హారిసన్ ఓవెన్ అనే ఆయన ఏడాదిపాటు కష్టపడి ఒక పెద్ద సదస్సు ఏర్పాటు చేశాడట. అయిపోయాక వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నది కాఫీ విరామాలనట. దాంతో ఆయన 1985లో ఎజెండా ముందుగా లేని పద్ధతి ఒకటి మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళే విషయాలు ఎంచుకుంటారు, నచ్చని చోటి నుంచి లేచిపోతారు. ఓపెన్ స్పేస్ అంటారు దాన్ని. ఇది తెలిసినప్పుడు మా ఒడ్డు మీది గంపలు గుర్తొచ్చి తెగ ఉబ్బిపోయాను. ఇక నేను నోరు తెరవకూడదని నిర్ణయించుకున్నాను. నా అసలైన మూర్ఖత్వం ఇక్కడ మొదలవుతుంది. దాన్ని జ్ఞానమనుకున్నాను.

రాష్ట్రంలో పావలా వడ్డీ కొత్తగా వచ్చిన రోజులవి. సంఘాలు బ్యాంకు కిస్తీలు సకాలంలో కడితే నూటికి నెలకు పావలా పైబడిన వడ్డీ అప్పట్లో ప్రభుత్వమే భరించేది. వేట నిషేధం దగ్గరపడుతోంది. పడవలు ఒడ్డున ఉంటే చేతిలో డబ్బు ఆడదు. చేపల ఏజెంటు దగ్గర అడ్వాన్సు తీసుకుంటే వడ్డీ ఉండదు గానీ, తర్వాత పట్టిన చేపంతా అతనికే, అతను కట్టిన ధరకే పొయ్యాలి. బ్యాంకుకు పోదామా వద్దా అని వాదించుకుంటూ ఒకామె నావైపు తిరిగి, "సార్, బ్యాంకులో వడ్డీ ఎంత పడుద్ది?" అని అడిగింది. నాకు తెలుసు. బాగా తెలుసు. అయినా చిరునవ్వు నవ్వి, "మీరేమనుకుంటున్నారు?" అన్నాను.

శంఖం పెద్దామె అక్కడే ఉంది. "మేం అనుకుంటే తగ్గుద్దా అబ్బయా, వడ్డీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇదంతా ప్రక్రియలో భాగమన్నట్టు. బ్యాంకంటే నూటికి రెండు రూపాయలుంటుందని వాళ్ళలో ఎవరో అన్నారు. నేను దిద్దలేదు. సమూహం తనంతట తాను తెలుసుకోవాలి కదా! కొంతమంది ఏజెంటు దగ్గరికే పోయారు. ఆ ఏడాది వాళ్ళ చేప ఏ ధరకు పోయిందో ఒడ్డున నిలబడి చూశాను. పెత్తనం చేసేవాడు మాటలు మింగడు, కనీసం తెలిసింది చెప్తాడు. నేను చేసింది అంతకంటే కనాకష్టం. తెలిసింది దాచుకుని దానికి వినయమని పేరు పెట్టుకున్నాను.

ఒడ్డు మీది మీటింగును కూడా నేను నెత్తిన పెట్టుకుని ఊరేగాను. అక్కడికి రానివాళ్ళున్నారని చూసుకోలేదు. చేపల వేలానికి పోని ముసలమ్మలు, మొగుడు పోయి ఇల్లు కదలనివాళ్ళు, పాలెం చివర గుడిసెల్లో ఉండి కాలవల్లో పీతలు పట్టుకునే యానాదులు. తమంతట తాము కూడుకునేవాళ్ళకు తమవాళ్ళే కనిపిస్తారు. అప్పులన్నీ గంపలున్నవాళ్ళకే పోతున్నాయని తీర్మానాల పుస్తకం వెనక్కి తిప్పితే తెలిసేది. ఆ పుస్తకం రాసిపెట్టినవాణ్ణి నేనే. "ఈ మాట ఆ చివరి గుడిసెల్లో తెలుసా?" అని అడగడానికి నాకు చార్టులూ అక్కర్లేదు, శంఖమూ అక్కర్లేదు. ఇప్పుడు అడుగుతున్నాను. అడిగినప్పుడల్లా అందరూ విసుక్కుంటారు, కొన్నిసార్లు ఎవరో లేచి వాళ్ళను పిలుచుకొస్తారు. వడ్డీ అడిగితే వడ్డీ చెప్తున్నాను. మిగతా వేళల్లో ఊరికే కూర్చోవడం నేర్చుకున్నాననే అనుకుంటున్నాను.

మొన్నామధ్య ఒక సంఘం మీటింగులో ఆసాంతం కూర్చున్నాను. గొడవ పెద్దదే అయింది. ఇద్దరు లేచి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చారు. నేను అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప పల్లెత్తు మాట అనలేదు. రాత్రి భోజనాల దగ్గర, నేనెంత నిగ్రహంగా ఉన్నానో, ఏ ఘట్టంలో నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఎట్లా ఆపుకున్నానో మా ఆవిడకు వివరంగా చెప్పాను. ఆమె మజ్జిగ పోస్తూ అంతా విని అడిగింది.

"ఇంతకీ అప్పు ఎవరికిచ్చారు?"

నాకు గుర్తులేదు.