సూర్యుడి శాంక్షన్డ్ లోడ్ ఎంత?

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ హాస్టల్ తలుపు తట్టి అడిగినా ఈ లెక్కలు చెప్తారు. డాబాల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించే పీఎం సూర్యఘర్ పథకం ఎప్పుడు మొదలైంది? 2024 ఫిబ్రవరి 13. ఖర్చు? 75,021 కోట్లు. లక్ష్యం? కోటి ఇళ్లు, నెలకు 300 యూనిట్ల దాకా ఉచిత కరెంటు. సబ్సిడీ? రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000. మూడు పెట్టినా, పది పెట్టినా 78,000. చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాడిని నిద్రలో లేపి అడిగినా కామా పోకుండా ఒప్పజెప్తాడు. సిలబస్‌లో లేని ప్రశ్న ఒక్కటే: ఈ డాబాలన్నీ కలిసి ఒకే మిట్టమధ్యాహ్నం కరెంటు పంపిస్తే, సందు మొదట్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ పుచ్చుకుంటుందా?

నారాయణగూడలో సొంతిల్లున్న పెద్దమనిషికీ, ప్యానెళ్లు బిగించే కుర్రాడికీ మధ్య మాటలు ఏ సందులో విన్నా ఇలాగే ఉంటాయి.

"సార్, మీ డాబా మీద పది కిలోవాట్లు ఖుల్లాగ పడ్తయి."

"అయితే పదీ పెట్టెయ్ బాబూ."

"మీ శాంక్షన్డ్ లోడ్ ఎంతుంది సార్?"

"మూడు."

"గట్లయితే మూడే సార్. పది గావాలంటే లోడ్ గూడ పదికి పెంచాలె."

"పది కిలోవాట్లు నేనేం చేసుకోనయ్యా? నేను ఇస్తానంటుంటే!"

"ఇచ్చెటోళ్లయినా తీస్కునేటోళ్ల లెక్కల్నే రాయాలె సార్. రూల్ గదే."

రూల్ నిజంగా అదే. నెట్ మీటరింగ్, అంటే మిగిలిన కరెంటు తీగలోకి పంపి బిల్లులో తగ్గించుకోవడం, 500 కిలోవాట్ల దాకా, లేదా శాంక్షన్డ్ లోడ్ (ఇంటి వాడకానికి మంజూరైన కిలోవాట్లు) దాకా, రెండింటిలో ఏది తక్కువైతే అది. పది కిలోవాట్లు దానం చేయాలనుకున్నవాడు ముందు పది కిలోవాట్ల ఆకలి ఉందని అర్జీ పెట్టుకోవాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం కొంచెం కరుణించింది: పది కిలోవాట్ల దాకా దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, ఒప్పుకున్నట్టే, లోడ్ చాలకపోతే కరెంటు పంచే డిస్కమే పెంచుతుంది. పెంచడం దాకా బాగానే ఉంది. కానీ ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్ల లెక్కన పడుతుంది కదా. ఎండాకాలం సెలవులకు ఊరెళ్లి ఇల్లు తాళం వేసినా, ఎన్నడూ వాడని ఆ ఏడు కిలోవాట్లకు నెలనెలా దక్షిణ చెల్లించాల్సిందే. ఇచ్చేవాడి చెయ్యి పైన ఉంటుందని పెద్దలు ఊరికే అన్నారు. వాళ్లకు కరెంటు బిల్లు వచ్చేది కాదు.

ఇంజనీర్లను తిట్టి లాభం లేదు. వాళ్ల బాధ నిజం. 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం పెట్టిన నాటి నుంచి ఈ పేటల తీగలకు తెలిసిన దారి ఒక్కటే: కేంద్రం నుంచి ఇంటికి. ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండింటికి ఆ దారిలో ఎదురు రమ్మంటున్నాం. ఆ సమయానికి ఇంట్లో ఎవరుంటారు? కొడుకూ కోడలూ హైటెక్ సిటీలో, పిల్లలు బడిలో, ఏసీ మూగనోములో. డాబా మీద ప్యానెళ్లు మాత్రం దంచికొడుతుంటాయి. పుట్టిన కరెంటు వీధిలోకి వెళ్లాలంటే ఇంటి దగ్గర వోల్టేజీ కాస్త పైకి లేవాలి. ఒకే ఫేజు మీద నాలుగిళ్లు అలా తోస్తే 230 కాస్తా 240 దాటుతుంది, 250 దాటుతుంది. పదిశాతం మీరి 253 దాటిందంటే ఇన్వర్టర్ తనంతట తనే దండం పెట్టి తప్పుకుంటుంది. ఆఫీసులో ఫోన్ తీసి యాప్ చూసుకున్న యజమానికి, ఎండ మండే మిట్టమధ్యాహ్నం, ఆకాశంలో మబ్బు తునక లేకుండా, ఉత్పత్తి: సున్నా.

అదే తీగకు రాత్రి ఏడింటికి రెండో పరీక్ష. అశోక్‌నగర్ హాస్టళ్లలో గదికి నలుగురు, నలుగురికీ నాలుగు లాప్‌టాప్‌లు, ఒక కూలరు, మంచం కింద వార్డెన్ కంటపడకుండా ఒక ఇండక్షన్ స్టవ్. అది దొరికితే జరిమానా అని గోడ మీద నోటీసు. పగలు డాబా మీద వాడికి "ఎక్కువ ఇవ్వొద్దు", రాత్రి గదిలో వాడికి "ఎక్కువ లాగొద్దు". ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఒకటే. దాని కంచెకు గ్రూప్-2 టెస్ట్ సిరీస్ పోస్టరు, దాన్ని ఆనుకుని మిర్చి బండి, దాని నెత్తిన ఇంటర్నెట్ కేబుళ్ల జడలు. ఇన్ని బరువులు మోస్తున్నదాని మీద ఇంకా ఎంత సోలార్ పడుతుందో చెప్పే పలక ఒక్కటి మాత్రం ఉండదు.

ఇక్కడే నా అభ్యంతరం. హద్దు పెట్టడం తప్పు కాదు, హద్దు ఎంతో చెప్పకపోవడం తప్పు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో థియేటర్ వాళ్లకున్న మర్యాద చూడండి. సీట్లు నిండితే గేటుకు హౌస్‌ఫుల్ బోర్డు వేలాడదీస్తారు. జనం తిట్టుకుంటూనైనా పక్క హాలుకు పోతారు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ బోర్డు లేదు. ముందు వచ్చినవాడు పది కిలోవాట్లు బిగించి ఖాళీ అంతా మింగేస్తాడు. ఆరు నెలల తర్వాత అప్పుచేసి ప్యానెళ్లు కొన్న పక్కింటాయన ఇన్వర్టర్ రోజూ మధ్యాహ్నం పడుకుంటుంది. తనది లోపమా, కంపెనీది లోపమా, గ్రహచారమా తెలియక ఆయన చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంటాడు.

లోకంలో ఈ తలనొప్పి మనకొక్కరికే కాదు. జర్మనీ 2012లో చిన్న ప్లాంట్లు సామర్థ్యంలో 70 శాతం మించి తీగలోకి పంపకూడదని హద్దు పెట్టింది, 2022లో కొత్తవాటికి ఎత్తేసింది, 2025లో దూరం నుంచి అదుపుచేసే పరికరం లేని కొత్తవాటికి మళ్లీ 60 శాతమంది. హవాయి 2015లో కొత్తవాళ్లకు నెట్ మీటరింగ్ తలుపే మూసింది. దక్షిణ ఆస్ట్రేలియా వాళ్లు మాత్రం బుర్ర వాడారు: తీగ ఖాళీగా ఉన్నప్పుడు పది కిలోవాట్ల దాకా పంపుకోవచ్చు, కిక్కిరిసినప్పుడు ఒకటిన్నరకు దిగాలి. హద్దు తీగను చూసి మారుతుంది, ఫైలును చూసి కాదు. ఇక మన రాజస్థాన్‌లో 2025లో పెద్ద పెద్ద సోలార్ ప్లాంట్లనే ఆపాల్సి వచ్చింది; ప్యానెళ్లు వచ్చాయి, వాటి కరెంటు మోసే లైన్లు రాలేదు. అంటే ఈ జబ్బు డాబాకూ ఎడారికీ ఒకటే: రిబ్బన్ కత్తిరించే కత్తెరకున్న వేగం తీగ లాగే చేతికి లేదు.

మన దగ్గర దీనికి ఇంకో తిరకాసు. ఢిల్లీ వాళ్ల పథకం 300 యూనిట్లు ఉచితమంటుంది, డాబా ఉంటే. హైదరాబాద్ వాళ్ల గృహజ్యోతి 200 యూనిట్లు ఉచితమంటుంది, రేషన్ కార్డు ఉంటే. 200 లోపు సున్నా బిల్లు వచ్చే ఇల్లు లక్షన్నర పోసి ప్యానెళ్లు ఎందుకు పెడుతుంది? 201వ యూనిట్ కాలిందా, 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020 రూపాయలు నెత్తిన పడుతుంది. కాబట్టి ఆ ఇంటి ఇల్లాలు ఎండను చూడదు, మీటరు చూస్తుంది. ప్యానెళ్లు పెట్టగలిగినవాడికి తీగ చాలదు, తీగ ఖాళీగా ఉన్న సందులో ప్యానెళ్ల అవసరం లేదు. ప్రణాళిక అంటే ఇదీ!

అడగాల్సినవి మూడే. ఒకటి, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఒక పలక: సామర్థ్యం ఇంత, ఎక్కిన సోలార్ ఇంత, ఖాళీ ఇంత. రెండు, పగటి కరెంటు చవకగా, రాత్రి కరెంటు ప్రియంగా ఉండే లెక్క ఇళ్లకూ తెండి; వాషింగ్ మెషీన్లూ, నీళ్ల మోటార్లూ, స్కూటర్ చార్జింగులూ వాటంతటవే మధ్యాహ్నానికి మారతాయి, తీగ మీద తోపులాట సగం తగ్గుతుంది. మూడోది అసలైంది. మన బిల్లులో ఎనర్జీ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం, బకాయి, దానిమీద వడ్డీ అని వరసలున్నాయి. వాటి కింద ఇంకొక్క వరస అచ్చువేయండి: "మీరు పంపబోతే మేం పుచ్చుకోలేకపోయిన యూనిట్లు." డబ్బులివ్వక్కర్లేదు, అంకె చాలు. ఆ అంకెను ప్రతినెలా వేలమంది కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలైతే, ఇన్నాళ్లూ స్థలం లేదు, నిధులు లేవు, స్టాకు లేదన్న ట్రాన్స్‌ఫార్మర్లన్నీ ఎన్నికలు రాకముందే లారీల మీద ఎక్కి వస్తాయి.