చెప్పి వెళ్ళేవాళ్ళం

మా మనవడు వచ్చే నెల ఒంటరిగా హిమాచల్ వెళ్తున్నాడు. వీపున సంచి వేసుకుని పార్వతి లోయలోని ఖీర్‌గంగ దాకా నడక. ఇదే మొదటిసారి. వద్దని నేను అనను. ఇరవై రెండేళ్ళ వయసులో కొండలు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తాడు? నా కోపం వేరు. సంచికి ఎన్ని జేబులున్నాయో అన్నీ విప్పి చూపించాడు. ఏ దారిన వెళ్తావురా అంటే మాత్రం, "లైవ్ లొకేషన్ పెడతాను కదా తాతా" అన్నాడు.

మా రోజుల్లో ఇలా కాదు. 1974లో ఉగాదికి నేను ఒక్కణ్ణే శ్రీశైలం కాలినడకన బయల్దేరాను. నంద్యాల నుంచి ఆత్మకూరు దాకా బస్సు. వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నల్లమలలో నడక. పది రోజుల ముందే నాయన నా సంచిలో ఎనిమిది కిలోల బియ్యం పోసి, తెల్లవారుజామున కె.సి. కాలువ గట్టు మీద నడవమన్నాడు. కొత్త చెప్పులు కరిచేది ఏదో ఈ గట్టు మీదే కరవాలి, అడవిలో కాదు అనేవాడు. రాత్రి పాదాలకు ఆముదం. సంచిలో గొంగడి, టార్చిలైటు, అటుకులు, వేరుశనగ ఉండలు. తడిసినా గొంగడిలో వెచ్చదనం పూర్తిగా పోదు.

వీడి బూట్లు ఇంకా అట్టపెట్టె దాటలేదు. సంచి తూకం వేయిస్తే 17 కిలోలు. అరవై కిలోల మనిషి తన బరువులో ఐదో వంతు, అంటే 12 కిలోలు మించి మోయకూడదు. తగ్గించమంటే ఏం తీశాడు? రెయిన్‌కోటు, మందుల పొట్లం! మూడు జీన్సు ప్యాంట్లు, కెమెరా స్టాండు అలాగే ఉన్నాయి. తడిసిన జీన్సు ఆ చలిలో ఎప్పటికి ఆరుతుంది? ఒళ్ళు చల్లబడితే మనిషికి తెలివి కూడా మందగిస్తుంది. తన పరిస్థితి తనకే తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యం కాగితం. నేను వెళ్ళేముందు నాయన పాత క్యాలెండరు వెనక నాతోనే రాయించాడు: ఏ రోజు ఏ మజిలీ, శ్రీశైలంలో ఎప్పుడు టెలిగ్రాం ఇస్తాను. పెద్దచెరువు దగ్గర నా కాలు మడత పడింది. చెంచుల ఇంట్లో గుడ్డ చుట్టి, గంజి పోసి పడుకోబెట్టారు. గురువారం సాయంత్రానికి టెలిగ్రాం రాలేదు. శుక్రవారం తెల్లారేసరికి నాయన ఆత్మకూరు బస్సులో ఉన్నాడు. కాగితం చేతిలో ఉంది కాబట్టి మజిలీ మజిలీకి అడుగుతూ నేరుగా నా మంచం దగ్గరికే వచ్చాడు.

టెలిగ్రాం 2013లో పోయింది. పోతే పోనీ. ఆ అలవాటు ఎందుకు పోవాలి?

ఇప్పటివాళ్ళకు ఉన్నవి మాకు లేవు, ఒప్పుకుంటాను. మేము చెలమ నీళ్ళు పంచె కొంగుతో వడగట్టి తాగేవాళ్ళం. అది తప్పే. ఇప్పుడు క్లోరిన్ బిళ్ళలున్నాయి, వాతావరణ హెచ్చరికలు ముందే తెలుస్తాయి, ఆపదలో 112 ఉంది. కానీ సిగ్నలు లేనిచోట ఫోను టార్చిలైటుకే పనికొస్తుంది. నడక మొదలయ్యే బర్షైని ఊరు దాటాక దాన్ని నమ్ముకోకూడదు. అక్కణ్ణుంచి ఖీర్‌గంగకు నక్తాన్ ఊరి మీదుగా ఒక దారి, కల్గా మీదుగా అడవిలో ఇంకొక దారి. రెండూ వేరు. ఏ దారో చెప్పకుండా వెళ్ళిన మనిషిని ఎక్కడ వెతకాలి? ఆ లోయలో ఒంటరిగా వెళ్ళి కనబడకుండా పోయినవాళ్ళున్నారు. ఏళ్ళు గడిచినా కొందరి జాడ తెలియలేదు. వాళ్ళ తల్లిదండ్రులను తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

నిన్న కూర్చోబెట్టి రాయించాను. నక్తాన్ దారి, బస చేసే చోటు, పొద్దున్నే బయల్దేరే వేళ, ఆదివారం సాయంత్రం ఆరింటికి బర్షైని చేరి ఫోను. ఆరు దాటితే ఒక గంట చూస్తాను, ఆ తర్వాత అక్కడి పోలీసులకు చెప్తాను అన్నాను. రెయిన్‌కోటు, మందులు మళ్ళీ సంచిలోకి వచ్చాయి.

మీ ఇంట్లో పిల్లలు బయల్దేరుతుంటే ముందు ఆ కాగితం అడిగి తీసుకోండి.