బండలెక్కేవారిని ఫొటో తీయగోరువారికి

బండలెక్కేవాళ్ళను ఫొటోలు తీయాలని బుద్ధి పుట్టిందా? శుభం. మొదట అప్పు చేయండి. వాయిదాల మీద ఓ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, దానికి 70-200 లెన్సు, ఆ రెంటినీ మోయడానికి వాటి హోదాకు తగ్గ బ్యాగు. బండలెక్కడం మాత్రం పొరపాటున కూడా నేర్చుకోకండి. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసేవాడు ప్రతి ముహూర్తానికీ తాళి కడుతున్నాడా? తాడుకు ముడి ఎలా వేస్తారో, నడుముకు హార్నెస్ ఎలా బిగిస్తారో తెలిసిందంటే కళ మీద ధ్యాస తగ్గుతుంది. భువనగిరి కోట బండ మీద ఎక్కడం నేర్పుతారనీ, 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టెక్కిన మాలావత్ పూర్ణ అక్కడే ఓనమాలు దిద్దుకుందనీ ఎవరైనా చెప్పబోతే, నవ్వి ఊరుకోండి. పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాగలిగినదాన్ని ప్రయాణం అనరు.

మన హైదరాబాదులోనే ఖాజాగూడ గుట్టలున్నాయిగా అని కూడా ఎవరో ఒకరు సణుగుతారు. ఉన్నాయి, ఉన్నన్నాళ్ళు ఉంటాయి. ఈ బండల్ని బతకనివ్వండి మహాప్రభో అంటూ 1996లో పుట్టిన సంఘం ఇప్పటికీ మొత్తుకుంటూనే ఉంది. హైదరాబాదు బండా, హంపీ బండా దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటే. కాకపోతే ఇక్కడిది చాలావరకు కంకరై మీ ఫ్లాటు స్లాబులోకి చేరింది, అక్కడిది గుట్టగా మిగిలింది. స్లాబును ఫొటో తీస్తే లైకులు రావు కాబట్టి హంపీకే బయల్దేరండి.

ఎప్పుడు వెళ్ళాలి? ఎక్కేవాళ్ళు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వస్తారు. బండ చల్లగా ఉంటే వేలికీ, బూటు రబ్బరుకూ పట్టు దొరుకుతుంది. వేడెక్కితే చెయ్యి చెమర్చి జారుతుంది. అందుకే వాళ్ళు తెల్లారకముందే లేచి, పొద్దెక్కేసరికి మూటాముల్లె సర్దేస్తారు. మళ్ళీ సాయంత్రం నీడ పడ్డాకే కదులుతారు. కొందరైతే తలకు లైటు కట్టుకుని రాత్రిళ్ళు ఎక్కుతారు. ఇదంతా వాళ్ళ గొడవ. మీరు పిల్లల సెలవులు చూసుకుని మే నెలలో వెళ్ళండి. డిసెంబరులోనే వెళ్ళక తప్పకపోతే, కనీసం పదింటిదాకా పడుకుని, ఇడ్లీ వడ కానిచ్చి, పన్నెండింటికి కెమెరా బయటకు తీయండి. సూర్యుడు నడినెత్తిన ఉంటే బండ సున్నం కొట్టిన గోడలా తెల్లబడుతుంది, మనిషి ముఖం టోపీ నీడలో మాయమవుతుంది. ఎవరైనా అడిగితే అది మీ స్టైల్ అనండి.

దారి సులువే. రాయచూరు, గంగావతి మీదుగా వెళితే తుంగభద్ర దాటకుండానే ఆనెగొంది చేరతారు. ఎక్కేవాళ్ళు మూగే బండలు చాలావరకు ఈ ఒడ్డునే, సానాపూర్ చెరువు దాకా ఉన్నాయి. పెద్ద గుళ్ళూ గోపురాలూ అవతలి ఒడ్డున. పాత ట్రావెల్ పుస్తకం ఒకటి చేతబట్టి 'హిప్పీ ఐలండ్ ఎక్కడ?' అని అడుగుతూ తిరగండి. ఆ ఐలండు, అంటే విరూపాపుర గడ్డెలోని హోటళ్ళను సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లో కూల్చేశారని చెప్పేవాణ్ణి నమ్మకండి. పుస్తకంలో అచ్చయి ఉందిగా.

గంగావతి చుట్టూ కన్నడంతో తంటాలు పడనక్కర్లేదు. 1950ల్లో తుంగభద్ర డ్యామ్ కట్టి కాలువలు పారాక, కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతులు ఈ చుట్టుపక్కల 'క్యాంపు'ల్లో స్థిరపడ్డారు. మనవల తరం దాకా ఇంట్లో తెలుగే. కాబట్టి ముందు పచ్చటి వరిమడి, వెనక గుట్ట, గుట్ట మీద చీమంత మనిషి, ఈ ఫ్రేము కోసం గట్టు వదిలి మడిలోకి దిగితే మిమ్మల్ని చక్కటి తెలుగులోనే పలకరిస్తారు. "బాబూ, నిన్ననే నాట్లేశామండి, కాస్త గట్టు మీంచి తీసుకోండి." మీరు "ఒక్క నిమిషం బాబాయ్" అనండి. ఒక్క నిమిషంలో ఎంత నారు తొక్కొచ్చో మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఈ గుండ్లు వాలి సుగ్రీవుల కాలంలో కోతిసేన విసురుకున్నవని చెబుతారు. భూగర్భ శాస్త్రం అంత రంజుగా ఉండదు. నేల లోతుల్లో గడ్డకట్టిన శిలాద్రవం, పైనున్నదంతా కొట్టుకుపోయాక బీటలు వారింది, బీటల్లో నీళ్ళు చేరి అంచులు అరిగాయి, ఎవరూ విసరకుండానే గుండ్లు ఉన్నచోటే తయారయ్యాయి. క్యాప్షన్‌లో రెండూ కలిపేయండి. అయితే హనుమంతుడు పుట్టింది ఇక్కడి అంజనాద్రిలోనా, తిరుమలలోనా అని 2021లో టీటీడీ ప్రకటనతో రాజుకున్న తగువును మాత్రం కామెంట్లలోకి రానివ్వకండి. మీ ఫొటో సంగతి అందరూ మర్చిపోతారు.

ఇక అసలు విద్య. ఎక్కడ నిలబడాలి? కిందే. కింద నుంచి తీస్తే బూటు అడుగులూ, ప్యాంటు వెనక భాగమూ తప్ప ఏమీ పడవని పెద్దలు భయపెడతారు. ఎక్కేవాడి ముఖం, చెయ్యి, ఆ చెయ్యి వెతుకుతున్న పట్టు, వాడి కాళ్ళ కింది ఖాళీ, ఇవన్నీ ఒక్క ఫ్రేములో రావాలంటే పైన ఉండాలట. అంటే వాడికంటే ముందే వెనకదారిన బండపైకి చేరి, కదలని ఆధారాలు చూసి సాగని తాడు కట్టి, తాడును పట్టి నిలిపే జూమర్లతో దాని మీద ఎక్కుతూ దిగుతూ వేలాడాలి. లెన్సు మూత జారినా కిందివాడి నెత్తిన పడుతుంది కనుక ప్రతి వస్తువుకూ దారం కట్టుకోవాలి. హార్నెస్ పట్టీలు తొడల్ని కోస్తుంటే వాడు వచ్చేదాకా కాచుకోవాలి. వచ్చాక వాడు ఆ చోట ఉండేది కొన్ని క్షణాలు. ఇంత చాకిరీ చేసేవాళ్ళు లోకంలో లేకపోలేదు. 2017 జూన్ 3న అలెక్స్ హానల్డ్ తాడన్నది లేకుండా దాదాపు 900 మీటర్ల ఎల్ క్యాపిటన్ బండ ఎక్కినప్పుడు తీసిన జిమ్మీ చిన్ బృందం అలాంటిదే. బండ మీద కెమెరా పట్టినవాళ్ళంతా స్వయంగా ఎక్కగలవాళ్ళు. అతి కష్టమైన చోట పక్కన మనిషి ఉంటే హానల్డ్ ధ్యాస చెదురుతుందని, అక్కడ మనిషిని తీసేసి దూరం నుంచి నడిపే కెమెరాలు పెట్టారు. నేల మీద ఉన్న కెమెరామన్ చూడలేక ముఖం తిప్పుకోవడం 'ఫ్రీ సోలో' సినిమాలోనే కనిపిస్తుంది. ఆ సినిమాకు 2019లో ఆస్కార్ వచ్చిందంటే వచ్చింది గానీ, ఎక్కేవాడి కోసం కెమెరా తప్పుకోవడం ఏం మర్యాద? మీరు అంత మెత్తగా ఉండకండి. పట్టు జారబోతోందని తెలిసిన క్షణమే "బ్రో, ఒకసారి ఇటు చూడు!" అని కేకేయండి.

హంపీలో చాలామంది తాడుతో పనిలేని గుండ్లే ఎక్కుతారు. కింద క్రాష్ ప్యాడ్ అనే పరుపు, పక్కన పడేవాణ్ణి దాని మీదికి మళ్ళించడానికి చేతులు చాచి నిలబడ్డ స్నేహితుడు. వీళ్ళను పైనుంచి కాక పక్కన కూర్చుని చూస్తే ఓ సంగతి కనబడుతుంది. ఎక్కి పడ్డవాడు లేవగానే ముందు వేలికొసలు చూసుకుంటాడు. ఇక్కడి గ్రానైటు పలుకులు తోలును కొంచెం కొంచెంగా ఒలుస్తాయి. మొదట ఎర్రబడుతుంది, తర్వాత మెరుస్తుంది, ఆ తర్వాత సన్నగా నెత్తుటి చెమ్మ. లేచిన తోలును గరుకు కాగితంతో రుద్ది, తెల్ల టేపు పళ్ళతో తుంచి చుట్టుకుని, చిన్న బ్రష్షుతో బండ మీది పాత చాక్ పొడి తోమి, చేతులకు కొత్త చాక్ పూసుకుని, ఉఫ్ అని ఊది, అప్పుడు మళ్ళీ చెయ్యి వేస్తాడు. రోజుకు ఆ తోలు ఓర్చేది కొన్ని ప్రయత్నాలే. సరిగ్గా ఆ చివరిదాంట్లో వాడు పైకి చేరి కేరింతలు కొడుతుండగా, "ఫోకస్ మిస్సయింది బ్రో, ఇంకొక్కసారి" అనాల్సిన బాధ్యత మీది. ఈసారి ఆ చేతులు చాచినవాడు ఫ్రేముకు అడ్డొస్తున్నాడని పక్కకు పంపేయండి. ప్యాడ్ రంగు బండకు నప్పడం లేదు, దాన్నీ లాగించేయండి. చీలమండ విరిగితే ఆ ఫొటోకు వచ్చే ఆదరణే వేరు.

గుండు మీ తలకంటే కాస్తే ఎత్తుందా? కెమెరా వంచండి. ఏటవాలు బండ నిటారవుతుంది, నిటారు బండ ముందుకు వంగుతుంది. నడుముకు వేలాడే చాక్ సంచీ మాత్రం భూమి ఎటుందో నిజం చెప్పేస్తుంది. దాన్ని ఫొటోషాప్‌లో తుడిచేయండి. ఎక్కేవాడికి ఎర్ర చొక్కా తొడగడం మరవకండి. 1950ల్లో నేషనల్ జియోగ్రాఫిక్ ఫొటోగ్రాఫర్లు ఈ చిట్కాను ఎంత వాడారంటే, చివరికి ఎర్ర చొక్కా బడి అని వాళ్ళకు వెక్కిరింపు పేరే పడింది. ఇన్నేళ్ళయింది కదా, కొత్తగానే ఉంటుంది.

ఎక్కేవాళ్ళు విసుక్కుని వెళ్ళిపోయాక ప్రకృతి మిగులుతుంది. మాతంగ కొండ మీద సూర్యోదయానికి అందరూ నిలబడే చోటే మోచేతులతో పొడిచి నిలబడండి. రాతిరథాన్ని 50 రూపాయల నోటు మీద ఉన్నట్టే తీయండి. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలని కాపలాదారు అంటే, ఇది మూడు కాళ్ళ స్టూలనండి. డ్రోన్ ఎగరేసినప్పుడు అతను విజిల్ వేస్తే మెచ్చుకుంటున్నాడనుకోండి. ఆలోచన జోలికి మాత్రం పోకండి. 1927లో యోసెమిటీలో హాఫ్ డోమ్ బండను తీయడానికి ఆన్సెల్ ఆడమ్స్ అనే ఫొటోగ్రాఫర్ మంచులో ఎక్కి వెళ్ళాడు. డజను గాజు ప్లేట్లతో బయల్దేరితే అక్కడికి చేరేసరికి రెండే మిగిలాయి. బండ మీది నీడ తొలగేదాకా ఆగి, పసుపు ఫిల్టరుతో ఒకటి తీశాడు. ఆకాశం తను అనుకున్నంత నల్లగా రాదని తట్టి, ఉన్న ఆఖరి ప్లేటును ఎర్ర ఫిల్టరుతో తీశాడు. పాపం, ఆయన దగ్గర 256 జీబీ కార్డు లేదు, ఆలోచించాల్సి వచ్చింది. మీరు బటన్ నొక్కి పట్టుకోండి, ఏదో ఒకటి పడకపోదు.

సానాపూర్‌లో పుట్టి ఎక్కండి. నడిపేవాడు సరదాకు గిరగిరా తిప్పుతాడు, లెన్సు మార్చడానికి అదే అదను. చీకటి పడ్డాక గుట్టల్లో ఒంటరిగా ఉండండి. దగ్గరే దరోజీలో ఎలుగుబంట్లకు అభయారణ్యం ఉంది కాబట్టి అవి హద్దు దాటి రావు, చదువుకున్నవి.

ఇంటికొచ్చాక ఆకాశాన్ని నీలంగా, బండను నారింజగా మార్చి పోస్టు చేయండి. కెమెరా పేరు, లెన్సు పేరు, ఫిల్టరు పేరు, బ్యాగు పేరు రాయండి. చోటు ఎక్కడో మ్యాపులో గుర్తు పెట్టి మరీ చెప్పండి, వచ్చే ఆదివారానికి అక్కడ చిప్స్ కవర్లు పోగవ్వాలి కదా. ఎక్కినవాడి పేరు దగ్గర 'ఓ మిత్రుడు' చాలు. వారం తర్వాత అతనే మెసేజ్ పెడతాడు. "అన్నా, ఆ ఫొటో ఒకటి పంపిస్తావా? అమ్మ చూస్తానంటోంది." వాట్సాప్‌లో పంపండి, అదీ నొక్కి నొక్కి చిన్నదయ్యాక. మీ పేరున్న వాటర్‌మార్కు సరిగ్గా ముఖం మీద పడేలా చూసుకోండి. వాటర్‌మార్కు లేనిది కావాలని మొహమాటపడుతూ అడిగితే, హార్డ్‌డిస్కు పోయిందని చెప్పండి.